మిరపపూల బుటా

కళ్ళజోడు పెట్టుకున్న కప్ప బొమ్మ ఒకటి కోట్లకు అమ్ముడుపోయి రికార్డు కొట్టిందంటే చీరాల నేతపేటలో ఎవరూ నమ్మలేదు. చేత్తో పట్టుకునేది కాదు, గోడకి తగిలించేది కాదు, కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేని బొమ్మ. ధనశ్రీ మాత్రం నమ్మింది. డబ్బు ఎక్కువైనవాడికి ఏం కొనాలో తోచకపోతే ఏదైనా కొంటాడు. పైగా ఆ సంతలో ఇప్పుడు ఆమె బొమ్మ కూడా ఉంది.

మగ్గాలకు బుటాలు గీయడం ఆమె పని. గ్రాఫు కాగితం మీద గడి తర్వాత గడి రంగు నింపుతుంది, నేసేవాళ్ళు ఆ గడులు చూసుకుంటూ పోగులు వేస్తారు. ఈ ఏడు తలొంచుకుని వేలాడే తెల్లటి మిరపపువ్వుని గడుల్లో పట్టింది. హైదరాబాదులో కంప్యూటర్ బొమ్మల వ్యాపారం చేసే వేటపాలెం శివనాగరాజు దాన్ని చూసి ముచ్చటపడి వేలానికి పెట్టాడు. పాట పెరిగి పెరిగి కప్పని కూడా దాటేసింది.

"కొనే ఆయన షరతు ఒక్కటేనండీ," అన్నాడు ఫోన్లో. "ఈ పువ్వు లోకంలో ఇంకెక్కడా ఉండకూడదు. ఎవరికీ ఇవ్వలేదు కదా?"

"లేదండీ," అంది.

అబద్ధమాడాలని కాదు. ఫోను పెట్టేశాక పక్కింటి మగ్గం చప్పుడు వినబడితే గానీ గుర్తు రాలేదు. కొత్త బుటా గీస్తే ఆ గ్రాఫు ముందు పక్కింటికి ఇవ్వడం ఆ వీధిలో తోడుకి మజ్జిగ చుక్క ఇచ్చినట్టే. ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నాంచారమ్మ పిన్ని మగ్గం మీద మిరపపూల చీర అప్పటికే సగానికి వచ్చింది.

ఈ బేరం కుదిరితే ధనశ్రీకి తన పేరుతో ఓ కొట్టు. లేదంటే మళ్ళీ షావుకార్ల గుమ్మాల ముందు చెప్పులు విడిచి నిలబడటమే. చీర ఆపమని పిన్నిని అడుగుదామని వెళ్ళింది. ఒంటరి మనిషి, పోగు పోగు కూడబెట్టుకున్న సొంత నూలు. "భోంచేశావా పిన్నీ?" అని అడిగి వచ్చేసింది.

కానీ ధనశ్రీ మొగుడు సురేంద్ర నోట్లో నువ్వుగింజ నానదు. టీకొట్టు దగ్గర అంతా చెప్పేశాడు. మర్నాడు పిన్నే పిలిచింది.

"ఇటు రావే. కొంగు నుంచి సగం దాకా వేసిన పూలు వేశా, ఇంక ఆపేశా. మిగతాది సాదాగా నేసేస్తున్నా. అమ్మనులే, నేనే కట్టుకుంటా. ఆ పువ్వు నలుగురి చేతుల్లోకీ పోదు."

"చేతులారా చీర పాడు చేసుకున్నావేంటి పిన్నీ!"

"నలభై ఏళ్ళ నుంచి నేస్తున్నా, నేసింది కట్టుకున్న పాపాన పోలేదు. ఈ వంకనన్నా కడతా. నువ్వు మాత్రం ఆ బేరం పోనీకు."

ధనశ్రీకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఇంటికెళ్ళి శివనాగరాజుకి ఫోన్ చేసి నిజం చెప్పింది.

"దాందేముందండీ, కత్తిరించేయమనండి. చీర ఖరీదు మనమే ఇద్దాం."

కిటికీలోంచి పిన్ని కనబడుతోంది. మగ్గం గుంటలో కాళ్ళు ఆడుతున్నాయి, సాదా గుడ్డ జానెడు పెరిగింది.

"అది మా పిన్ని కట్టుకునే చీరండీ," అంది ధనశ్రీ.

బేరం పోయింది. రికార్డు కప్ప దగ్గరే ఉండిపోయింది. బాధపడలేదంటే అబద్ధం. ఆమెకు చాలా రోజులు అన్నం సయించలేదు. సురేంద్ర ముఖం మాడ్చుకుని తిరిగాడు.

తర్వాత వీధిలో పెళ్ళికి పిన్ని ఆ చీర కట్టుకొచ్చింది. సాదా సగం నడుం చుట్టూ, కుచ్చిళ్ళలోకీ పోయింది. పూలన్నీ భుజం మీద, కొంగు మీద. కాగితం మీద, ఫోన్లో ధనశ్రీ ఎన్నిసార్లు చూసుకుందో ఆ పువ్వుని. పిన్ని నడుస్తుంటే ఆ పూలు చేలో గాలికి ఊగినట్టే ఊగాయి. తన పువ్వు ఇంత బాగుంటుందని ధనశ్రీకే తెలియదు.

"ఎవరి బుటా పిన్నీ?" అని ఆడవాళ్ళు మూగారు.

"ఎవరిదేంటే, మా ధనశ్రీది!" అంది పిన్ని, పందిరంతా వినబడేలా.

భోజనాలై చేతులు కడుక్కునేలోపే గ్రాఫు ఇమ్మని ధనశ్రీ వెంటపడ్డారు.

"నా దగ్గరెక్కడిది?" అంది ధనశ్రీ. "పిన్ని దగ్గరే ఉంది, వెళ్ళి తీసుకోండి."