ఛార్జింగ్ అయ్యేదాకా

మోటారు వేసి, గేటు ముందు నీళ్లు చల్లి, చీపురు మొదలు నేలకేసి రెండుసార్లు కొట్టి, దేవకుమారి నడుం పట్టుకుని నిలబడింది. పై ట్యాంకు నిండేదాకా ఇంకో పని చేసుకోవచ్చు. కార్ల మధ్య రాలిన ఎండాకులు ఊడ్చింది. రామకాంత్ గారు ముందురోజే చెప్పారు, ఇవాళ సెల్లారు అద్దంలా ఉండాలని. ఆయన ఆ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచీ అజమాయిషీ చెయ్యడానికి మనుషులు దొరక్క, ఆ లోటంతా ఈ ఫ్లాట్లవాళ్ల మీద తీర్చుకుంటున్నారు. మంచివాడే.

దేవకుమారికి అరవై దగ్గర పడ్డాయి. సన్నటి మనిషి. నీళ్ల క్యాన్లు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. కళ్లజోడుకు ఒక కాడ విరిగిపోతే పురికొస కట్టుకుంది. నవ్వితే ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తుంది, అందుకని పెదాలు మూసే నవ్వుతుంది. భర్త ఇమ్మానియేలు ఇక్కడ వాచ్‌మన్‌గా ఉండేవాడు. అతను పోయాక ఆ పని ఆమె చేతికొచ్చింది. మెట్ల పక్కనున్న వాచ్‌మన్ గది మాత్రం ఆమెకు ఎప్పట్నుంచో ఇల్లే. వారం కిందట దాన్ని ఖాళీ చేసి, సామాను మెట్ల కింద సర్దుకుని, అక్కడే పడుకుంటోంది.

గదిలో ఇప్పుడు మనిషి ఎత్తు ప్యానెల్ బోర్డు ఉంది. కార్లకూ స్కూటర్లకూ కరెంటు పంచే బోర్డు. పదిగంటలకు దానికి ప్రారంభోత్సవం.

నిజానికి దీనంతటికీ మొదలు దేవకుమారే. మూడో అంతస్తు డాక్టరమ్మ అలేఖ్య కరెంటు కారు కొన్నప్పుడు అందరూ స్వీట్లు తిన్నారు. కారుకు ఛార్జింగ్ కోసం ఆమె బాల్కనీలోంచి ఒక వైరు కిందికి వేలాడేసింది. ఆమెను చూసి ఇద్దరు స్కూటర్లు కొన్నారు, ఇంకో రెండు వైర్లు దిగాయి. ఎండాకాలం వచ్చేసరికి బట్టలారేసుకునే తీగలకన్నా అవే ఎక్కువయ్యాయి. ఒక మధ్యాహ్నం ఘాటు వాసన వచ్చి అందరూ దగ్గారు. గుంటూరులో ఆ రోజుల్లో దగ్గు వస్తే ఎవరూ కారణం వెతకరు, మిర్చి యార్డుకు టిక్కీలు, అదే మిరపకాయ బస్తాలు, దండిగా వచ్చాయనుకుని కిటికీలు మూసుకుంటారు. వాళ్లూ అలాగే మూసుకున్నారు. మీటర్ల బోర్డుకూ దేవకుమారి గదికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆమె దాని మీద చెయ్యి వేస్తే కాలింది. మెయిన్ దించేసి, మోకాళ్లు పట్టేసినా లెక్కచెయ్యక అన్ని అంతస్తులూ ఎక్కి తలుపులు కొట్టింది.

మర్నాడు కరెంటు ఆఫీసు నుంచి శ్రీరమ్య అనే ఇంజినీరు వచ్చింది. చిన్న వయసు. లోపల మసిబారిన మీటర్లు చూపించి అందరికీ గట్టిగానే చీవాట్లు పెట్టింది. వేలాడే వైర్లన్నీ తీసెయ్యాలంది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది వెయ్యాలి, లోపల విడిగా ప్యానెల్ పెట్టాలి, దానికి తడి తగలని గది ఒకటి కావాలంది. జనరేటర్ పక్క చోటు చూస్తే గోడ చెమ్మ. ర్యాంపు కింద చూస్తే వానకు మోకాలి లోతు నీళ్లు. అన్నీ తిరిగి చివరికి మెట్ల పక్క గది ముందు ఆగి, ఇక్కడెవరైనా ఉంటున్నారా అని అడిగింది. నేనేనమ్మా అని దేవకుమారే చెప్పుకుంది.

ఆ గది ప్యానెల్‌కు ఇవ్వాలని మీటింగులో తేల్చాక ఒక్కొక్కరే ఆమె దగ్గరికి వచ్చారు. తాను మాత్రం ఒప్పుకోలేదనీ, మిగతావాళ్లు వినలేదనీ తగ్గు గొంతుతో చెప్పి వెళ్లారు. రామకాంత్ గారు కూడా అదే చెప్పారు. అందరూ వద్దన్న పని ఎలా జరిగిందో దేవకుమారికి అంతుపట్టలేదు. ఆమె అడగనూ లేదు. పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్లేలా పని చేసుకోమన్నారు. ఆలోచించుకుని, సింగరాయకొండలో ఉన్న కూతురు లిడియా దగ్గరికి పోతానంది. ఆమెకు జీతం మీద బెంగ లేదు. ఆ గది మీదే ప్రాణం. ఆ మాట బయటికి అనలేదు గానీ, వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

పదిగంటలకు అందరూ దిగారు. ప్యానెల్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టారు. రామకాంత్ గారు కొబ్బరికాయ కొట్టి, చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఆ రోజు ఆమె తలుపులు కొట్టకపోతే మనమెవ్వరమూ ఇక్కడ ఉండేవాళ్లం కాదన్నారు. అందుకని మొదటి స్విచ్ దేవకుమారి చేతుల మీదుగా వేయించాలని కమిటీ నిర్ణయించిందన్నారు. ఈ సంగతి ఆమెకు ముందు చెప్పలేదు. సంతోషపెడదామనే దాచారు.

దేవకుమారి కొంగుకు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. గోడలకు కొత్త సున్నం. మంచం ఉండే చోట బోర్డు నిలబడింది. ఇమ్మానియేలు ఆఖరి రాత్రి తల పెట్టుకున్న మూలనే ఎలక్ట్రీషియన్ స్విచ్ చూపించాడు. ఆమె కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, ప్రార్థన చేసి నొక్కింది. బయట ఆకుపచ్చ లైటు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బయటికొచ్చి చీపురు తీసుకుని కొబ్బరి పెంకులు ఊడ్చింది.

ఆమెను బస్టాండుకు తీసుకెళ్లడానికి సిలార్ వచ్చాడు. ఒకే పేటలో పెరిగినవాళ్లు. డీజిలు ఆటో అమ్మేసి ఈ మధ్యే కరెంటు ఆటో కొన్నాడు. పొద్దుట్నుంచీ యార్డుకు కూలీలను తిప్పి తిప్పి బ్యాటరీ అడుగంటింది, బస్టాండు దాకా లాగదేమోనన్నాడు. అందరూ కొత్త సాకెట్ల వైపు చూశారు. బయటి వాహనాలకు అనుమతి లేదని రామకాంత్ గారు రాయించిన బోర్డు వాటి మీదే ఉంది, ఇంకా పెయింటు వాసన పోలేదు. ఆయన బోర్డునూ దేవకుమారినీ మార్చి మార్చి చూసి గొంతు సవరించుకున్నారు. నా మీటరు మీద పెట్టండి అంది అలేఖ్య, ఎవరి మొహమూ చూడకుండా. సిలార్ ప్లగ్గు పెట్టాడు. మిగతావాళ్లు ఆఫీసులకు పోయారు.

దేవకుమారి తన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఆ చోటు ఆమెకు ఈ బిల్డింగు కన్నా ముందు నుంచీ తెలుసు. అప్పుడిది పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు. ప్రత్తిపాడు వైపు నుంచి ఎడ్లబళ్లలో పత్తి వచ్చేది. షిఫ్టు దిగేసరికి ఆడవాళ్ల కనుబొమలూ రెప్పలూ దూదితో తెల్లగా అయిపోయేవి, ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవాళ్లు. సరిగ్గా ఈ గది ఉన్న చోటే కుళాయి. మొహం కడుక్కుని తలెత్తితే దూది బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే ఇమ్మానియేలు ఎదురుగా నిలబడి, ఓహో నువ్వా, అన్నాడు. అంత దూదిలో ఎవరనుకున్నావని ఆమె కసిరింది. పెళ్లయ్యాక కూడా ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మిల్లు మూతపడి, కూలగొట్టి, అపార్ట్‌మెంటు లేస్తుంటే ఇటుకలకు కాపలా ఉండమన్నారు. మళ్లీ అదే కుళాయి దగ్గరికి వచ్చాం చూడవే అన్నాడు అతను. ఎంత బాగుండేవో ఆ రోజులు. ఒళ్లంతా పత్తి, చేతులు కాయలు, అయినా బాగుండేవి.

"సరిపోద్దక్కా. పోదామా?" అన్నాడు సిలార్.

"నిండనియ్యి, సిలారూ. దారిలో ఆగితే ఎట్టా?"

అతను ఆమె మొహం చూసి, మళ్లీ కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

కాసేపటికి మొదటి అంతస్తు రాజరాజేశ్వరి గారు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. రిటైరైన తెలుగు టీచరు. చేతిలో కాఫీ. లిడియాకు పదో తరగతి దాకా చదువు చెప్పింది ఆవిడే, పైసా పుచ్చుకోకుండా. వంటింటి వెనక గుమ్మం దగ్గర, ఆవిడ లోపల, పిల్ల బయట. దేవకుమారి కాఫీ కూడా రోజూ ఆ గుమ్మం దగ్గరే, ఆమె కోసం విడిగా ఉంచిన గాజుగ్లాసులో. అది కడిగి పిట్టగోడ మీద బోర్లించి వచ్చేది. ఆవిడంటే దేవకుమారికి ప్రాణం. ఆవిడకూ అంతే. అయినా గ్లాసు వేరే.

ఇవాళ కాఫీ ఇంట్లోవాళ్లు తాగే స్టీలు గ్లాసులో వచ్చింది. దేవకుమారి దాన్ని ఒక క్షణం చూసి, తల వెనక్కి వాల్చి, పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుంది.

"కరుచుకునే తాగవే. ఏం కాదు."

"అలవాటైపోయిందమ్మా. ఇప్పుడు కరుచుకుంటే మూతి కాలుద్ది."

నవ్వుతూనే అంది. ఈసారి పెదాలు మూసుకోలేదు. రాజరాజేశ్వరి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దేవకుమారి గ్లాసును సెల్లారు కుళాయి కింద కడిగి, నీళ్లు విదిల్చి, ఆవిడ చేతికి ఇచ్చింది. వెళ్లొస్తానమ్మా అంది. లిడియా మిమ్మల్ని రోజూ తలుచుకుంటుందంది.

సిలార్ ప్లగ్గు తీశాడు. ట్రంకుపెట్టె, చాప, బైబిలున్న చేతిసంచీ వెనక సర్దాడు. ఆటో చప్పుడు చెయ్యకుండా కదిలింది. గేటు దాటాక దేవకుమారి దిగి, అలవాటు కొద్దీ గేటు మూసి, గడియ పెట్టి, మళ్లీ ఎక్కింది.

రాజరాజేశ్వరి గారు మెల్లగా మెట్లెక్కి ఇంట్లోకి వచ్చారు. స్టీలు గ్లాసు అలమరలో పెట్టబోయి, వంటింటి వెనక గుమ్మం దాకా నడిచి ఆగిపోయారు. పిట్టగోడ మీద, నిన్న దేవకుమారి కడిగి బోర్లించిన గాజుగ్లాసు ఎండకు ఆరిపోయి ఉంది.