నరసమ్మ చీపురు, ఆదివారం పరుగు

బతకడానికొచ్చిన బెంగాలీల పేట భవానీపూర్ సందుల్లో ఇరవై రెండేళ్లుగా కార్పొరేషన్ చీపురు పట్టిన నరసమ్మకు ఈ మధ్య ఒక పిచ్చి పట్టుకుంది. మెడలో ఆకుపచ్చ రిబ్బను వేసుకోవాలి. పేటలోని క్లబ్బువాళ్లు ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు పరుగు పెడతారు. దారి పొడవునా నిలబడి పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లకు ఆ రిబ్బను ఇస్తారు. బ్యాంకు గుమాస్తాకు ఉంది, మందుల షాపాయనకు ఉంది, పరుగు మధ్యలో బీడీ కాల్చుకోవడానికి మాయమయ్యే రిటైరైన ట్రాము కండక్టరుకు కూడా ఉంది. నరసమ్మకే లేదు.

ఆమె మనవరాలు సుందరి ఆ పరుగులో ప్రతి వారం అందరికన్నా చివర వస్తుంది. ఏడేళ్ల పిల్ల. కుక్కపిల్ల కనిపిస్తే ఆగుతుంది, ఎవరింటి ముందైనా చేపలు కోస్తుంటే ఆగి చూస్తుంది. దానికోసమైనా దారిలో తాను ఉండాలనుకుని, నరసమ్మ క్లబ్బు సెక్రటరీ గోపీనాథ్ దగ్గరికి వెళ్లింది.

"నాకూ ఏదైనా పని సెప్పు దాదా."

"వారమంతా కష్టపడతావు. ఆదివారమైనా విశ్రాంతి తీసుకో మాసీ," అన్నాడాయన, సొంత పిన్నిని పిలిచినట్టు. ఇంత మర్యాదగా వద్దన్న మనిషితో పోట్లాడటం ఎలాగో ఆమెకు తెలియలేదు.

కిందటి వారం సుందరి అరికాల్లో గాజుపెంకు దిగింది. ఇక నరసమ్మ ఎవరినీ అడగదలచుకోలేదు. ఆదివారం తనకు సెలవైనా తెల్లారకముందే లేచి, పిల్లలు పరిగెత్తే సందులన్నీ తన ఎడంచేతి వాటంతో అద్దంలా ఊడ్చేసింది. నాలుగు సందులు కలిసే కూడలిలో నేలంతా తెల్లటి పొడి. కాలవల పక్కన చల్లిన బ్లీచింగ్ పౌడరును మర్నాడు ఊడ్చెయ్యడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. పిల్లల కాళ్లు మండుతాయని అక్కడ ఒకటికి రెండుసార్లు ఊడ్చింది.

అది బ్లీచింగ్ పౌడరు కాదు. క్లబ్బువాళ్లు ప్రతి వారం గోడలకు దారి చూపే కాగితం బాణాలు అంటిస్తారు. ఎనభై ఏడు ఎన్నికల రోజులవి. పార్టీల రాతలతో నిండిన గోడల మీద జానెడు జాగా దొరకలేదు. అందుకని శనివారం సాయంత్రం సున్నపు పొడితో నేల మీదే బాణాలు గీశారు.

ఈల మోగింది. పాతికమంది పిల్లలు పరుగందుకున్నారు. పావుగంటయినా ఒక్కరూ తిరిగి రాలేదు. ఇంతలో మందుల షాపాయన రొప్పుతూ వచ్చాడు. కూడలిలో బాణాలు లేవట. అక్కడ ఉండాల్సిన కండక్టరు బీడీకి పోయాడట. ముందున్న పిల్లాడు ట్రాముల రోడ్డు వైపు తిరిగితే తక్కినవాళ్లూ వాడి వెంటే పోయారట.

"బాణాలు ఎవరు చెరిపారు?" అని గోపీనాథ్ అరిచాడు. అవతలి పార్టీవాళ్ల పనేనని ఎవరో అన్నారు. అది తన చీపురు పనేనని నరసమ్మకు అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు, ఆమె ఊడవడం ఎవరూ చూడలేదు. నోరు తెరిస్తే రిబ్బను ఆశ ఇక అంతే.

"నానే దాదా, తుడిసేసినాను. బ్లీచింగనుకున్నాను."

తిట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. అందరూ ట్రాముల రోడ్డుకు పరిగెత్తారు. పుణ్యాత్ముడు, ఎవరో పోలీసు పిల్లల్ని రోడ్డు దాటనివ్వకుండా ఆపి ఉంచాడు. వెనక్కి తెచ్చి లెక్కపెడితే ఇరవై నలుగురు. సుందరి లేదు.

నరసమ్మ క్లబ్బు మెట్ల మీద కూలబడిపోయింది. తన చేతులను తానే నరుక్కోవాలనిపించింది. సరిగ్గా అప్పుడు, రావలసిన సందులోంచే, మెల్లగా అటూ ఇటూ చూసుకుంటూ సుందరి వచ్చింది.

"ఓలమ్మా! ఎలగొచ్చినావే గుంటా?"

"కూడలికాడ ఎవులూ నేరు. ఒక సందులో నీ సీపురు గీతలున్నాయి. వాటెంటే ఒచ్చీసినాను మామ్మా."

"నా సీపురేనని నీకేటి తెలుసే?"

"నువ్వు ఎడం సేత్తో కదా ఊడుస్తావు. గీతలన్నీ అటేపు తిరిగుంటాయి."

నరసమ్మ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని భోరుమంది. గోపీనాథ్ సందులోకి నాలుగడుగులు వేసి, వంగి నేలకేసి చూశాడు. తిరిగొచ్చి తన మెడలోని రిబ్బను తీసి ఆమె మెడలో వేశాడు.

"వచ్చే వారం సున్నం వద్దులే మాసీ. నువ్వు ఊడిస్తే చాలు."

నరసమ్మ ఆ రిబ్బనును రెండు చేతులా తడుముకుంది. సుందరి ఆమె కొంగు పట్టి లాగింది.

"మామ్మా, ఈపాలి నానే కదేటి ఫస్టు?"