గుండుసూది పోటు

మధ్యాహ్నం నుంచి ఆమె మూడు బొత్తాం కాజాలు పాడుచేసింది. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని కుట్టే చెయ్యి ఇవాళ మాట వినడం లేదు. కారణం ఎదురుగా బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె మొగుడు, ఆ దర్జీ దుకాణానికి కటింగ్ మాస్టారు, చక్కెర జబ్బు మనిషి. రంజాన్ నెలలో ఇరవై మూడో రోజు ఉపవాసంలో ఉన్న మొండిఘటం.

డాక్టరు ఉపవాసం వద్దనలేదు. మందుల వేళలు మార్చి ఒకే ఒక్క షరతు పెట్టాడు. రోజూ మూడు నాలుగుసార్లు వేలు పొడిచి చక్కెర చూసుకోవాలి, డెబ్బైకి తగ్గితే ఆ క్షణమే ఏదైనా తియ్యగా తాగెయ్యాలి. మాస్టారు బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి ఆ చక్కెర చూసే మిషన్ని బీరువాలో పెట్టేశాడు. రక్తం తీస్తే ఉపవాసం పోతుందట. ఎవరు చెప్పారంటే, ఎవరో చెప్పారట. పోనీ మసీదులో పెద్దాయన్ని అడగమని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. అడిగితే పోదంటారేమోనని భయం కాబోలు, అడగనే లేదు.

అసలు సంగతి ఆమెకు తెలుసు. కిందటేడు దుకాణంలో ఇస్త్రీ చేసే అతను ఉపవాసంలో ఉండి పెట్టె వేడికి కళ్లు తిరిగి నీళ్లు తాగితే, మాస్టారు నలుగురిలో పట్టుకుని కడిగేశాడు. వయసులో ఉండి గుక్కెడు నీళ్లకు ఆగలేకపోయావా అన్నాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తాను తాగుతాడు?

ఆమె ఆ మిషన్ని, పంచదార నీళ్ల సీసాని సంచిలో వేసుకుని తెచ్చింది. పొద్దున్నుంచి గడియారం కేసి చూస్తూనే ఉంది. పొద్దుగూకడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయనగా, ఫ్యాను కింద నిలబడ్డ మనిషికి మెడంతా చెమట పట్టింది. గుడ్డ మీద సుద్దగీత వంకర పోయింది. ఆయన గీత వంకరపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. సంచి పట్టుకుని లేచింది.

ఏంటని కసురుతూ ఆయన గుడ్డకు గుండుసూది గుచ్చబోయాడు. అది వేలిలో దిగింది. గుడ్డకు రక్తం అంటకుండా అలవాటుగా వేలు పైకెత్తాడు.

"ఈ నెలలో ఇది ఎన్నోసారి?" అంది ఆమె.

"ఏది?"

"ఈ సూది పోటు. దీనికి పోని ఉపవాసం డాక్టరు సూదికి పోతుందా?"

ఆయన వేలికి గుడ్డ చుట్టుకోబోయాడు. ఆలోగా ఆమె ఆ చుక్కనే మిషన్ పట్టీకి తాకించింది. యాభై రెండు.

"ఇరవై నిమిషాలే కదే," అన్నాడు. నాలుక మడతపడింది.

"ఆ ఇరవై నిమిషాలు మీరుంటారో లేదో నాకు తెలీదు. నాకు భయంగా ఉంది. తాగండి."

ఆయన ఆమెను చూడలేదు, ఇస్త్రీ బల్ల వైపు చూశాడు. అతను పెట్టె పక్కన పెట్టి, ఇటే చూస్తున్నాడు. మాస్టారు కళ్లు మూసుకుని సీసా ఎత్తాడు.

కాసేపటికి వణుకు తగ్గింది, సిగ్గు తగ్గలేదు. పొద్దుగూకి మసీదు నుంచి అజాన్ వినిపించింది. దుకాణంలో అందరూ ఉపవాసం విడవడానికి, పరిచిన దుప్పటి మీద వరసగా కూర్చున్నారు. మాస్టారు మాత్రం గుడ్డ తానుల వెనక ఉండిపోయాడు. ఆమె పిలిచినా రాలేదు. అప్పుడు ఇస్త్రీ అతను ఇంకా ఏమీ నోట్లో వేసుకోకుండానే, ఒక ఖర్జూరం పట్టుకుని లేచి వచ్చాడు.

"రండి మాస్టారూ. మీ చోటు ఖాళీగానే ఉంది."

"నా ఉపవాసం పోయిందిరా."

"కిందటేడు నాదీ పోయింది. ఆ రోజు నన్నెవరూ పిలవలేదు."

అందులో కోపం లేదు. ఉంటే మాస్టారు తట్టుకునేవాడే. గుడ్డ చుట్టిన వేలితోనే ఆయన ఖర్జూరం అందుకున్నాడు, గింజ తీశాడు, తినలేదు. మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు.

"ముందు నువ్వు తిను," అన్నాడు. "కిందటేడే పెట్టాల్సింది."