మూసేసిన గని నోరు

ఆదివారం పొద్దున్నే నడక బృందంతో ఆ అడవి పార్కుకి వెళ్ళడం ముసలాయనకు బొత్తిగా ఇష్టం లేదు. కోడలి పోరు పడలేక బయల్దేరాడు. ఇప్పుడక్కడ చెట్లూ పిట్టలూ ఉన్నాయి గానీ, ముప్పై ఏళ్ళ కిందట అది బొగ్గు గని. మనుషుల్ని లోపలికి దింపి పైకి లాగే లిఫ్టు యంత్రాన్ని ఆయనే నడిపేవాడు.

పదిమందీ కబుర్లాడుకుంటూ గుట్ట ఎక్కారు. ఆయన పక్కన నడుస్తున్నది బట్టలు కుట్టే ఆవిడ. గనిని నీళ్ళు ముంచెత్తిన రోజున ఆమె తండ్రి లోపలే పోయాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయన చేసిన పనేమిటో ఆమెకు తెలియదు.

గని నోటికి ఇనుప జాలీ బిగించి ఉంది. "గట్టిగా అరవండి, కేక తిరిగొస్తుంది," అన్నాడు గైడు. అందరూ తలో కేకా వేశారు. కేకలు సద్దుమణిగాక, అడుగు నుంచి టంగ్, టంగ్, టంగ్ మని మూడు దెబ్బలు వినిపించాయి.

"పాత గొట్టమేదో ఊగుతున్నట్టుంది," అంటూ గైడు ముందుకు సాగాడు. జనమూ కదిలారు. ముసలాయన కాళ్ళు మాత్రం పాతేసినట్టు ఆగిపోయాయి.

"ఏం బాబాయ్, ఒంట్లో బాలేదా?" అందామె.

"మూడు దెబ్బలంటే 'మనుషులున్నాం, పైకి లాగు' అని, తల్లీ." అన్నాడాయన. "ఆ రోజూ ఇలాగే కొట్టారు. లాగబోతే మేనేజరు నా చెయ్యి పట్టుకున్నాడు. కింద ఎవరూ మిగల్లేదు, నీళ్ళ పోటుకి గొట్టం మోగుతోంది, లాగితే తాడు తెగుతుందన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే సుఖమనిపించింది."

"ఎంతసేపు మోగింది?"

"అరగంట పైనే."

"ఒక్క క్షణంలో పోయాడని చెప్పారు మా అమ్మకి," అందామె. తిట్టలేదు, ఏడవలేదు. జాలీ మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. లోపల మళ్ళీ మూడు దెబ్బలు.

"నువ్వెళ్ళు బాబాయ్."

"మరి నువ్వు?"

"నేనుంటాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ పలకలేదుగా."

గేటు దగ్గర వాళ్ళొచ్చిన బస్సు మిట్టమధ్యాహ్నం దాకా ఆగింది. ఆమె వచ్చేసరికి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి, చేతి నిండా తుప్పు. ముసలాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె దారంతా నిలబడే వచ్చింది.