వదిలెయ్

అద్దాల మేస్త్రీ పిడికిళ్ళు నిద్రలో కూడా విచ్చుకునేవి కావు. తండ్రి పోయేటప్పుడు మంచం పట్టెను పట్టుకున్న ఆ చేతులు, ఆ తరవాత దేన్ని పట్టుకున్నా పీక పిసికినట్టే పట్టుకునేవి. పక్కన పడుకున్న భార్య మణికట్టు తెల్లారేసరికి కమిలిపోయి ఉండేది. ఆవిడంటే ఓర్చుకుంది, అద్దం ఎందుకు ఓర్చుకుంటుంది? బిగించేటప్పుడు అంచు దగ్గర కాస్త గట్టిగా నొక్కితే చాలు, టప్పున చిట్లి ఊరుకుంటుంది. ఒక్క నెలలో మూడు పలకలు అలా పోయాక యజమాని పిలిచి, "ఇంకోటి పగిలిందంటే నిన్ను గోడౌన్లో కూర్చోబెడతా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా కిటికీలు బిగిస్తున్న మనిషికి అది చెంపదెబ్బ లాంటి మాట.

భార్యే పట్టుబట్టి హిప్నాటిజం చేసే డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది.

"పిచ్చివాళ్ళు వెళ్ళే చోటికి నేనెందుకే?" అని గొణిగాడు.

"పిచ్చి మీకు కాదు, నాకు పడుతోంది. పదండి."

డాక్టరమ్మ చెడ్డదేం కాదు. మెత్తటి కుర్చీలో వాల్చి, కళ్ళు మూయించి, ఆరు వారాల పాటు ఒకే మాట ఆయన చెవిలో పోసింది. "వదిలెయ్" అని వినబడగానే వేళ్ళు సడలాలి, అంతే. ఏడో వారం ఆయన రెండు అరచేతులూ తెరుచుకుని పసివాడిలా నిద్రపోయాడు. భార్య ఆ చేతుల వంక చూస్తూ కూర్చుని, సంతోషం పట్టలేక ఏడ్చింది.

ఆ సంతోషం మూడు రోజులు కూడా నిలవలేదు. ఆవిడ ఫోన్లో ఎవరికో బుద్ధి చెబుతూ, "వాళ్ళ గొడవ నీకెందుకు, వదిలెయ్" అంది. పక్కనే కూర్చున్న మేస్త్రీ చేతిలోంచి కాఫీ కప్పు జారి ఒళ్ళో పడింది. ఆ సాయంత్రం భోజనానికి వచ్చిన బావమరిదికి ఈ సంగతి చెబితే వాడు నమ్మలేదు. వాడు ముప్ఫై దాటినవాడు, ఆరడుగుల మనిషి, అయినా అక్క పిలిచినట్టే అందరికీ చిన్నోడే. మేస్త్రీకి పనిలో జోడీ కూడా వాడే.

"బావా, చెంచా వదిలెయ్!" అన్నాడు. చెంచా ఠంగుమని పళ్ళెంలో పడింది. అక్కాతమ్ముళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. మేస్త్రీకి మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు చాటుగా డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. "అలా ఒక్కొక్కరికి అవుతుంది, వచ్చే వారం సరిచేద్దాం. ఈలోపు బరువులు మాత్రం మోయకండి" అందావిడ. బరువులు మోయనని చెబితే యజమాని గోడౌన్ తాళాలు చేతిలో పెడతాడు. వారం రోజులే కదా అనుకున్నాడు. ఆ అనుకోవడమే ఆయన చేసిన తప్పు, దాన్ని డాక్టరమ్మ మీదికి నెట్టడానికి వీల్లేదు. చిన్నోడికి ఆవిడ హెచ్చరిక చెప్పకుండా సగం మాటే చెప్పాడు.

"పనిలో ఉన్నప్పుడు దించు అను, ఆపు అను, కావాలంటే తిట్టు. 'వదిలెయ్' అని మాత్రం అనకు."

"సరే బావా, నోటికి తాళం."

చిన్నోడు ఇచ్చిన మాట తప్పలేదు.

ఆ పని మూడో అంతస్తులోని పళ్ళ ఆసుపత్రిలో. నిలువెత్తు అద్దం లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా ఎత్తుకున్నారు. అద్దానికి అతుక్కునే రబ్బరు పిడులు పట్టుకుని పైన మేస్త్రీ వెనక్కి నడుస్తున్నాడు, కింద చిన్నోడు మోస్తున్నాడు. రెండో అంతస్తు మలుపులో ఎవరో ఊడ్వకుండా వదిలిన ఇసుక ఉంది. చిన్నోడి కాలు సర్రున జారింది. బరువంతా మేస్త్రీ చేతుల్లోకి వచ్చింది. చేతులు తట్టుకున్నాయి. ఇంకాసేపు కూడా తట్టుకునేవే.

"వదలకు బావా! వదలకు!"

ఆ మాటలో 'కు' చివర్న వస్తుంది. 'వదల' అని చెవిన పడ్డాక చేతులు అందాకా ఆగలేదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి చిన్నోడి ఒంట్లో నెత్తురు లేదు. "చెమటకి జారింది" అని మేస్త్రీ అందరికీ చెప్పాడు. యజమాని భుజం తట్టాడు. ఇసుక ఊడ్వనివాళ్ళని నలుగురూ తిట్టిపోశారు. ఆ తిట్లు వింటూ మేస్త్రీ తల దించుకుని నిలబడ్డాడు.

అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"చివరికి ఏమన్నా అన్నాడా? నన్ను తలుచుకున్నాడా?"

"ఏమీ అనలేదు."

ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆయన గట్టిగా పట్టుకున్నాడు, మునుపటిలా, కమిలిపోయేంత గట్టిగా. ఆవిడకి ఆ నొప్పి బాగుంది.

"పుట్టింటి తరఫున వాడొక్కడే ఉండేవాడు. ఇక మీరైనా నన్ను వదలకండి" అంది.

ఆయన వేళ్ళు ఐదూ విచ్చుకున్నాయి.

ఆవిడ తన ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్న ఆ అరచేతిని చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా తమ్ముడు ఏమని అరిచాడు?" అని అడిగింది.