గుట్టచెరువు బంగారు చేప

మా ఆఫీసరు వామన్‌రావు గారు చెరువులు తనిఖీ చేస్తారంటే జనం నమ్మేవారు. ఆయన వెంట తిరిగే గుమాస్తాను కాబట్టి నేను నమ్మేవాణ్ణి కాదు. కట్ట తెగిన చెరువు ఆరు నెలలు ఫైల్లో నానేది. చేపలున్న చెరువుకు మాత్రం మర్నాడే జీపు బయలుదేరేది. విదేశం నుంచి తెప్పించిన చక్రం గాలం ఒకటి ఆయనకుంది. దాన్ని తుడవడానికి ఒకడు, మోయడానికి ఇంకొకడు. అది ఇంతవరకు ఎన్ని చేపలు పట్టిందని అడిగే ధైర్యం బోధన్‌లోని మా చెరువుల విభాగంలో ఎవరికీ లేదు.

అరవై నాలుగు డిసెంబరులో సారుకు ఊరి చెరువులు మొహం మొత్తాయి.

"మనిషి కాలు పడని చెరువు కావాలయ్యా! గుట్టలెక్కి, చెమటోడ్చి పట్టాలి చేపను. మజా అంటే అదీ!" అన్నారు. వాకిట్లో నిలబడ్డ ఎర్రయ్య అప్పుడే నోరు జారాడు.

ఎర్రయ్య మా ఆఫీసులో తొమ్మిదేళ్లుగా టెంపరరీ వాచ్‌మన్. ఏటా మార్చిలో తీసేసి, ఏప్రిల్‌లో మళ్లీ పెట్టుకునేవాళ్లం. తీసేసిన ప్రతిసారీ మళ్లీ పిలుస్తామో లేదోనని అతనికి నిద్రపట్టేది కాదు. అతన్ని పర్మినెంట్ చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది. సారు సంతకం ఒక్కటే తక్కువ.

"ధర్పల్లి అవుతల గుట్టల మీద ఓ చెరువున్నది సార్, మా మామ ఊరి మీద. గింతంత శాపలుంటయ్" అని అతను మోచేతి దాకా చూపించాడు.

"చేప దొరికిందా, నీ ఫైలు చూస్తానోయ్!" అన్నారు సారు.

బయటికొచ్చాక నిలదీశాను. "నిజంగ ఉన్నయా ఎర్రయ్యా?"

"పరకలున్నయ్ సార్, జానెడు గూడ ఉండయ్. మా మామ హనోకు వారానికోపాలి పోయి కూరకు తెచ్చుకుంటడు."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"తొమ్మిదేండ్లు సార్" అన్నాడు.

ఎర్రయ్య దగ్గర ఉపాయం కూడా ఉంది. ఆదివారం ప్రయాణమనగా శనివారం నవీపేట్ పోయి, గోదావరిలో పట్టిన నాలుగు సేర్ల బొచ్చె చేపను తెచ్చాడు. దాన్ని రహస్యంగా గుట్టెక్కించి, సారు గాలానికి తగిలించాలి. కొర్రమట్ట అయితే కుండ నీళ్లలో ప్రాణంతోనే వచ్చేది గానీ, ఆ రోజు దొరకలేదు. చేపను భార్య బాలవ్వ చేతికిచ్చి, "కొయ్యకు. తడి గోనెల సుట్టి సంచిల పెట్టు" అని చెప్పి పడుకున్నాడు.

ఆదివారం చర్చికి ఎగనామం పెట్టి ఎర్రయ్య మాతో వచ్చాడు. జీపు ధర్పల్లి దాటి ఒక గుట్ట మొదట్లో ఆగింది. అక్కణ్ణుంచి ఏడు మైళ్లు నడక. సారు మడతకుర్చీ, స్టవ్వు, గొడుగు, పూరీల డబ్బా, గాలం అన్నీ నలుగురు కూలీల నెత్తిన ఎక్కాయి. టోపీ ఒక్కటి సారు నెత్తిన ఎక్కింది. "నడకలో ఉన్న సుఖం మోటార్లలో ఎక్కడిదయ్యా!" అని మొదటి మైల్లో అన్నారు. రెండో మైల్లో మాట తగ్గింది. మూడో మైలు నుంచి "ఇంకెంత దూరం?" అన్న ఒక్క మాటే మిగిలింది. ఎర్రయ్య ప్రతిసారీ "గదే సార్, గా మలుపు" అనేవాడు. అతని సంచీ మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు.

చెరువు అందంగా ఉంది, నిజం చెప్పాలి. మూడు వైపులా గుట్టలు, మధ్యలో కదలని నీళ్లు. సారు గాలం విసిరారు. మొదట తుమ్మకొమ్మ పడింది. తర్వాత ఆయన టోపీయే పడింది. మూడోసారి నా చొక్కా కాలరు పడింది. రెండు గంటలయ్యాక గాలం నీళ్లలో వదిలేసి, పూరీలు తిని, కుర్చీలోనే గుర్రు పెట్టారు.

ఎర్రయ్య సంచీ తీసుకుని బండ చాటున నీళ్లలోకి దిగాడు. గోనె విప్పి, కొయ్యబారిపోయాడు. నేనూ వంగి చూశాను. చేప తల నుంచి తోక దాకా పచ్చగా మెరిసిపోతోంది.

తప్పు బాలవ్వది కాదు. రాత్రంతా నిలవుండాల్సిన చేపకు ఉప్పూ పసుపూ పట్టించకుండా వదిలే ఆడమనిషి మా జిల్లాలోనే లేదు. పసుపు పండే నేల కాబట్టి చెయ్యి కూడా ధారాళమే.

ఎర్రయ్య ఇసుకతో తోమాడు. పసుపు అతని చేతులకు అంటింది గానీ చేపను వదల్లేదు. "దేవా!" అని గొణిగి, గాలానికి గుచ్చి, దారం గట్టిగా గుంజాడు.

సారు ఉలిక్కిపడి లేచి చక్రం తిప్పారు. చేప వచ్చింది. అందరం చూశాం. తొమ్మిదేళ్లూ నీళ్లపాలయ్యాయనుకున్నాను.

"ఇది... బంగారం రంగు కదయ్యా!" అన్నారు సారు.

"అవును సార్" అన్నాను. పదిహేనేళ్ల సర్వీసులో నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే.

"ఈ గుట్టల్లో ఏదో ఖనిజం ఉంది. అందుకే ఈ రంగు. కొట్టుకోవడం లేదేం?"

"మీతోని కొట్లాడి అలిసిపోయింది సార్" అన్నాడు ఎర్రయ్య.

ఆ మాట సారుకు బాగా నచ్చింది.

నిజామాబాదులో ఫోటో తీయించారు. అందులో అది ఎవరైనా తినే బొచ్చెలాగే నల్లగా తెల్లగా పడింది. దాంతో సారు పైకి పంపే రిపోర్టులో రంగుకు సాక్షులు కావలసి వచ్చారు. నేనూ ఎర్రయ్యా సంతకాలు పెట్టాం.

నెలలో ఆర్డరు వచ్చింది. అపూర్వమైన బంగారు చేపకు నెలవైన ఆ చెరువులో వలా గాలమూ నిషేధం. కాపలాకు ఒక పర్మినెంట్ వాచ్‌మన్. పేరు ఎర్రయ్య.

బాలవ్వ ఆఫీసులో అందరికీ బెల్లం పంచింది. "కొయ్యొద్దన్నడు గాని, పసుపు పెట్టొద్దన్నడా సార్?" అని నవ్వింది. ఆర్డరు రెండో పేజీ చదివి వినిపించాక ఆ నవ్వు ఆగింది. వాచ్‌మన్ చెరువు కట్ట మీదే కాపురముండాలి. బదిలీ లేదు. ఎవరు చేప పట్టినా వల జప్తు చేసి ఆఫీసులో అప్పగించాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. పిల్లల బడి బోధన్‌లో ఉంది కాబట్టి బాలవ్వ ఇక్కడే ఉండిపోయింది. ఎర్రయ్య ఒక్కడే గుట్టెక్కాడు.

ఫిబ్రవరిలో ఎర్రయ్య ఆఫీసుకొచ్చాడు. చంకలో ఒక పాత వల. నా బల్ల మీద పెట్టాడు.

"ఎవరిదిది?"

"మా మామది సార్."

"చూసీ చూడనట్టు ఊకోవద్దా!" అని కసిరాను.

"నేను మొకం తిప్పుకున్న సార్. ఆయినే ఎదురొచ్చి నా చేతుల పెట్టిండు. 'సారు మల్ల వస్తడంట గద. నా వల కనవడితె నీ నౌకరి పోతది. తీస్కపో అల్లుడా' అన్నడు."

ఆ చెరువులో బంగారు చేప ఉందని సంతకం పెట్టిన చెయ్యి నాదే. ఆ చేత్తోనే రసీదు రాసిచ్చాను. జప్తు అయిన వల ఒకటి, ముద్దాయి హనోకు.

ఎర్రయ్య రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఇగ ముసలాయినె కూర ఏం దింటడు సార్?" అని అడిగాడు.