పిచ్చుక కంటే ముందు వచ్చే చప్పుడు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ కూతురు పిచ్చుక, ఫొటో స్టూడియో ఆయన, రిటైరైన లెక్కల మాస్టారు, నాకు పేర్లు తెలియని మరో పదిమంది, నేను ఉన్నాం. కుర్చీలు వేసేదీ తీసేదీ నేనే కాబట్టి నాకెప్పుడూ కుర్చీ మిగిలేది కాదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేదాన్ని. అక్కణ్ణుంచి అందరి వీపులూ, ఎదురుగా పిచ్చుక మొహమూ కనిపిస్తాయి.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. మా ఊళ్ళో బడి పదో తరగతితో అయిపోతుంది. పై చదువుకని నన్ను వాళ్ళింటికి పంపారు. పంపాక ఆ చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. పెదనాన్నకు మైక్‌సెట్ల దుకాణం ఉంది. మీటింగులకి సౌండ్ బాక్సులు అద్దెకిస్తాడు, పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. పిచ్చుకకు తొమ్మిదేళ్ళు. బక్కగా, ముక్కు మొనదేలి ఉంటుందని ఆ పేరు. దానికి ఫిట్స్ వస్తాయి.

నేను వచ్చేనాటికే ఆ ఇంట్లో ఫిట్స్ అనడం మానేశారు. కబురు అనేవారు.

ఎవరి కబురంటే, వేరే గ్రహం వాళ్ళది. పెదనాన్న ఒకసారి హాల్లో కొత్త మైకు పరీక్షిస్తూ రికార్డింగ్ ఆపడం మర్చిపోయాడట. అప్పుడే పిచ్చుక పడిపోయింది. తర్వాత విని చూస్తే, అది పడటానికి కాస్త ముందు టక్‌మని ఒక చప్పుడు, దాని వెనకే సన్నగా ఝుమ్మనే మోత. ఆయన ఫ్యాను ఆపాడు, ట్యూబులైటు ఆపాడు, టీవీ వైరు పీకాడు. మరోసారి రికార్డు చేస్తే మళ్ళీ అదే టక్. ఏ వైరులో మోత ఉందో చెవితో పట్టేసే మనిషి ఆయన. తనకే దొరకలేదంటే అది భూమ్మీది మోత కాదని తేల్చేశాడు.

మిగతా కథ ఫొటో స్టూడియో ఆయన అల్లాడు. పైనుంచి వాళ్ళు ఎప్పటినుంచో వస్తున్నారట. అన్ని ప్రభుత్వాలకీ తెలుసట, జనానికి చెప్పకుండా దాస్తున్నారట. కబురందే పిల్లల్ని కనిపెట్టి, దానికో రోగం పేరు పెట్టి, మాత్రలతో ఆ దారి మూసేస్తున్నారట.

అందుకని పిచ్చుకకు మాత్రలు ఆపేశారు.

ఒక్క పూట కూడా మానొద్దని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ మాట ఇంటికొచ్చి చెబితే ఫొటో స్టూడియో ఆయన నవ్వాడు. "డాక్టరమ్మకి జీతం ఎవరిస్తారమ్మా?" అన్నాడు. అంతే, ఆ రోజునుంచి మాత్రల డబ్బా పెద్దమ్మ బీరువాలోకి వెళ్ళింది, దానికి తాళం పడింది.

మాత్రలున్నప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చే ఫిట్స్ వారం వారం రావడం మొదలైంది. వచ్చినది త్వరగా పోయేదీ కాదు. పిచ్చుక నాలుక కొరుక్కునేది. దాని నోట్లోంచి వచ్చే ముద్ద ముద్ద శబ్దాల్లో జనం మాటలు వెతుక్కునేవారు. ఒకరికి "నీళ్ళు" అని వినిపిస్తే ఇంకొకరికి "మీరు" అని వినిపించేది.

నాకు అప్పగించిన పని కత్తిరింపు. ప్రతి ఆదివారం హాల్లో గోడకున్న మేకుకి మైకు తగిలించి మధ్యాహ్నమంతా రికార్డు చేసేవారు. మర్నాడు నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదంతా వినాలి. పిచ్చుక పడిన ముక్కనీ, దాని ముందు కాస్తనీ ఉంచి, తక్కినదంతా చెరిపెయ్యాలి. "ఖాళీది ఎందుకే, కంప్యూటర్ నిండిపోడానికా?" అనేవాడు పెదనాన్న.

ఖాళీగా ఏమీ ఉండేది కాదు. పిచ్చుక బిస్కెట్ తింటున్నప్పుడు టక్. కుర్చీలో జోగుతున్నప్పుడు టక్. అందరూ లేచి వెళ్ళిపోయాక, ఉత్త హాల్లో కూడా టక్, ఆ వెనకే ఝుమ్. పెదనాన్న అవి ఎప్పుడూ వినలేదు. అవన్నీ నేనే నా చేత్తో చెరిపేశాను, ఆయన చెప్పినట్టే.

ఒకరోజు గిన్నెలు తోముతుంటే నా వెనకాల ఫ్రిజ్ టక్‌మంది. ఝుమ్మంది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాను. హాల్లో మైకు తగిలించే మేకు ఆ గోడకే ఉంది, అటువైపు.

పెదనాన్న హాల్లో ఉన్న ప్రతి ప్లగ్గూ పీకాడు. వంటింట్లోకి రాలేదు. ఆయన వంటింట్లోకి రావడం నేను చూడనే లేదు. మంచినీళ్ళు కూడా పెద్దమ్మే హాల్లోకి తెచ్చివ్వాలి.

నాకు పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదు. చెప్పడం కంటే చూపించడం తేలిక అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఫ్రిజ్ ప్లగ్ తీసేశాను.

ఆ వేళ కబురు తప్పకుండా రావాలని ముందురోజు రాత్రి పిచ్చుకను నిద్రపోనివ్వలేదు. నిద్ర లేకపోతే వస్తుందని వాళ్ళకి తెలుసు. అది కళ్ళు మూస్తే చాలు, పెదనాన్న తడి తువ్వాలుతో మొహం తుడిచేవాడు. మధ్యాహ్నానికి పిచ్చుక కుర్చీలో కూర్చుని తనలో తనే నవ్వుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఎలా వెలిగిపోతోందో చూశారా?" అన్నాడు ఫొటో స్టూడియో ఆయన, కెమెరా బిగిస్తూ.

కాసేపటికి దాని తల ఒక పక్కకి తిరిగింది. చెయ్యి బిగుసుకుంది. కుర్చీలోంచి జారుతుంటే నేను పరుగెత్తి తల కింద చెయ్యి పెట్టాను. పక్కకి తిప్పబోయాను.

"అడ్డం రాకు, మైకుకి దూరమైపోతుంది," అన్నాడు పెదనాన్న. నన్ను భుజం పట్టి లాగేసి, మైకు దాని నోటి దగ్గర పెట్టాడు. అందరూ ముందుకి వంగారు. పిచ్చుక మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి ఎర్రటి నురుగు వచ్చింది. గౌను తడిసిపోయింది.

"అది రాకుండా పైనుంచి తియ్యి," అని పెదనాన్న కెమెరా వైపు చూసి చెప్పాడు.

ఎంతకీ ఆగలేదు. ఆగాక పెద్దమ్మ దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. పెదనాన్న పెద్ద సౌండ్ బాక్సు కలిపి అందరికీ వినిపించాడు. కుర్చీ కదిలిన చప్పుడు, మడమల చప్పుడు, నా గాజుల చప్పుడు ఉన్నాయి. టక్ లేదు. వెనక్కి తిప్పి, వాల్యూం పెంచి మళ్ళీ పెట్టాడు. లేదు.

"గురువుగారూ, టక్ ఏదీ?" అని వెనక నుంచి ఎవరో పెదనాన్నని అడిగారు.

అప్పుడు నేను అన్నాను, "ఫ్రిజ్ ప్లగ్ తీసేశాను పెదనాన్నా."

"ఏంటే?"

"ఆ చప్పుడు ఫ్రిజ్‌ది. ఈ గోడకి అటువైపే ఉంది. ఇవాళ ఫ్రిజ్ లేదు, టక్ లేదు. ఫిట్స్ మాత్రం వచ్చింది. మీరు చెరిపెయ్యమన్న దాంట్లో కూడా టక్ ఉండేది, అంతటా ఉండేది. పిచ్చుకకు మాత్రలు వెయ్యండి."

అన్ని మాటలు నేను ఆ ఇంట్లో ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక వరసలో ఒకాయన ఫక్కున నవ్వాడు. "అయితే ఇన్నాళ్ళూ మనం ఫ్రిజ్‌కి దండం పెట్టామన్నమాట." పెదనాన్న మొహం పాలిపోయింది. నేను లెక్కల మాస్టారి వైపు చూశాను. ఆయన గడ్డం గోక్కుంటూ, "కుదురుతుంది," అన్నారు మెల్లగా. "అమ్మాయి చెప్పింది కుదురుతుంది."

ఆ క్షణం బీరువా తాళం నా చేతికి వచ్చేసినట్టే అనుకున్నాను.

"ఒక్క నిమిషం," అన్నాడు ఫొటో స్టూడియో ఆయన. "ఇవాళ కబురులో ఎవరికైనా మాట వినిపించిందా?"

ఎవరికీ వినిపించలేదు.

"ప్రతిసారీ ఏదో ఒక మాట దొరికేది. ఇవాళ ఒక్కటీ లేదు, పిల్ల ఊరికే కొట్టుకుంది. ఎందుకని? గురువుగారూ, ఫ్రిజ్ వెనకాల ఏముంటుంది?"

"గొట్టాల చుట్ట," అన్నాడు పెదనాన్న. "మోటారు. గ్యాసు."

"కబురు అందుకునే ఏరియల్‌కి ఇంకేం కావాలి?"

పెదనాన్న మొహంలోకి రంగు తిరిగొచ్చింది. నేను మళ్ళీ మాస్టారి వైపు చూశాను.

"అదీ కుదురుతుంది," అన్నారాయన.

ఫొటో స్టూడియో ఆయన నా వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది. "ఇంట్లో ఇన్ని ప్లగ్గులుండగా, నోట్లో నాలుక లేని ఈ పిల్లకి సరిగ్గా ఆ ప్లగ్గే పీకమని ఎవరు చెప్పుంటారు?"

"ఎవరూ చెప్పలేదు."

"చెప్పలేదని చెప్పమనే చెప్తారులే. ఆసుపత్రిలో డాక్టరమ్మ నీతో విడిగా మాట్లాడిందా?"

మాట్లాడింది. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టమని, ఎంతసేపు ఉందో గడియారం చూడమని చెప్పింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"మాట్లాడింది," అన్నాను.

ఇక ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నవ్విన ఆయన కుర్చీ నాకు దూరంగా జరుపుకున్నాడు.

పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. దొడ్లో కుళాయి కింద తడిసిన గౌను పిండుతోంది. "పాలన్నీ విరిగిపోయాయి నీ మూలంగా," అంది తలెత్తకుండా.

"పెద్దమ్మా, నువ్వైనా నమ్ము. అది ఫ్రిజ్ చప్పుడే."

"నాకు తెలీదనుకున్నావా?" గౌను దులిపి తీగ మీద వేసింది. "పెళ్ళైనప్పట్నుంచీ ఆ ఫ్రిజ్ పక్కనే చస్తున్నాను. అది టక్‌మంటే నాకు తెలీదా?"

నేను ఆమెకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మాత్రలు మింగినన్నాళ్ళూ మీ పెదనాన్న దీని మొహం చూడలేదు. పిల్లకి కాదు, నా కడుపుకే రోగం అన్నాడు. బళ్ళో పిల్లలు కింద పడి కాళ్ళు కొట్టుకుని చూపించేవారు, ఇదిగో నువ్విలా చేస్తావు అని. ఇప్పుడు కూతురు అంటున్నాడు. జనం దీని ముందు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. నువ్వొచ్చి అది లాక్కుపోతావా?"

"చచ్చిపోతే?"

పెద్దమ్మ తీగ మీద గౌను సరిచేసింది. చాలాసేపు సరిచేసింది. "సాయంత్రం బస్సుంది," అంది. "బట్టలు సర్దుకో."

నా బట్టలు కూడా పెద్దమ్మ బీరువాలోనే, కింది అరలో ఉంటాయి. మాత్రల డబ్బా పై అరలో ఉంది. తాళం పెద్దమ్మే తీసింది, తీసి గుమ్మం వైపు తిరిగి నిలబడింది. నేను ఒక మాత్రల అట్ట తీసుకుని పిడికిట్లో దాచుకున్నాను. ఆమె చూడలేదో, చూడదల్చుకోలేదో.

సంచీతో బయటికొచ్చేసరికి హాల్లో నలుగురు మగవాళ్ళు ఫ్రిజ్‌ని వంటింట్లోంచి తోసుకొస్తున్నారు. "మెల్లగా, గొట్టాలు తగులుతాయి," అంటున్నాడు పెదనాన్న. దాన్ని పిచ్చుక కుర్చీ పక్కనే నిలబెట్టి మైకు దానికే కట్టారు. మాస్టారు దూరంగా నిలబడి టేపుతో ఏదో కొలుస్తున్నారు. నేను గుమ్మం దాటుతుంటే ఎవరూ తల తిప్పలేదు.

పిచ్చుక నా వెనకే వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. వేరే గౌను వేసుకుంది. పెదవి వాచింది.

"అక్కా, వెళ్ళిపోతున్నావా?" నాలుక తెగి మాట సరిగ్గా తిరగడం లేదు.

నేను మెట్టు మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకుని అట్ట అందులో పెట్టాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎవరికీ చెప్పకు. మింగుతావు కదా?"

అది అట్ట వైపు చూసింది. వెనక్కి తిరిగి హాల్లో ఫ్రిజ్ వైపు, దాని చుట్టూ ఉన్న వాళ్ళ వైపు చూసింది. లోపల్నుంచి పెదనాన్న పిలిచాడు, "తల్లీ, ఎక్కడున్నావమ్మా?" ఆ గొంతు విని దాని వాచిన మొహం విప్పారింది.

"ఇవి వేసుకుంటే నేను మళ్ళీ ఉత్త ఫిట్స్ పిల్లనే కదక్కా," అంది.

"కాదే. నువ్వు పిచ్చుకవి."

"నువ్వు గవర్నమెంటు మనిషివంట," అంది. అట్టని నా చెప్పుల మీద పడేసింది. తలుపు బరువుగా ఉంటే రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి తోసి మూసేసింది.